పనస పెట్టె చేస్తానన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

ఉద్దానం నుంచి మావయ్య ఆశీస్సులు. బట్టలు దాచుకోడానికి నీ చేత్తోనే పెట్టె చేస్తానని, ఒక్క మేకు కూడా కొట్టనని ఫోన్లో అన్నావు. అమ్మమ్మ భోషాణం చూసి పుట్టిన ఆశ అని తెలుసు. అంత పెద్దది వద్దు, అది మీ అపార్ట్‌మెంట్ మెట్లెక్కదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు చాలు.

చెక్క కొనకు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మన పెరట్లో పడిపోయిన పనస మాను గుర్తుందా? అప్పుడే కోయించి, పలకల మధ్య పుల్లలు పెట్టి పశువుల సాలలో పేర్చాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలని లెక్క, ఇవి ఎప్పుడో ఆరిపోయాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది ఈ పనస కర్రతోనే. పలక అంచున తెల్లచెక్క కనిపిస్తే మొహమాటపడకుండా కోసి పారెయ్యి, పురుగు ముందు అక్కడే పడుతుంది. అడుగున్నర వెడల్పు ఒకే పలకలో రాదు, రెండేసి జోడించుకోవాలి.

మూలలకి డవ్‌టెయిల్ జాయింటే వెయ్యి. అంటే ఒక పలక కొసన పావురం తోకలా చివరికి వెడల్పయ్యే తోకలు, రెండో పలక కొసన వాటి మధ్య ఇమిడే పళ్లు. ఇక్కడ చాలామంది తిరగేస్తారు. తోకలు ముందు వెనక పొడుగు పలకలకి రావాలి, పళ్లు పక్క పలకలకి. కడియాలు ఉండేది పక్కలకే కదా. నిండు పెట్టెని కడియం పట్టుకుని లాగితే పక్క పలక బయటికి రావాలని చూస్తుంది. పళ్లు దానికుంటే తోకలు పట్టి ఆపుతాయి. లేదంటే పలక ఊడి చేతికొస్తుంది.

తోక అంచు వాలు ఎనిమిది పాళ్ల పొడవుకి ఒక పాలు ఉంటే సరి. ఎక్కువ పెడితే కొసలు విరుగుతాయి. ముందు తోకలు కోసి, వాటినే పక్క పలక కొన మీద ఆనించి కత్తిమొనతో గీత గియ్యి. పెన్సిల్ వద్దు, దాని గీతకే మందం ఉంటుంది. రంపం పారేసే ముక్క వైపు నడవాలి. ఉలితో తొలిచేటప్పుడు సగం ఇటునుంచి, తిప్పి సగం అటునుంచి. ఒకే వైపు నుంచి దించితే అవతల పీచు లేచిపోతుంది. సరిపోయిందా లేదా అని పదిసార్లు బిగించి ఊడదీస్తే జాయింట్ వదులైపోతుంది. ఒక్కసారి సగం వరకు దించి చూసుకో, ఆఖర్న కొయ్యసుత్తితో పూర్తిగా దించు.

ఇక అడుగు పలక. నిజానికి ఈ ఉత్తరం దానికోసమే. నా మొదటి పెట్టె శ్రావణమాసంలో చేశాను. అడుగు పలకకి చుట్టూ జిగురు పూసి, స్క్రూలు కూడా బిగించాను. ఏనుగు ఎక్కినా ఏమీ కాదనుకున్నాను. వైశాఖంలో ఒక రాత్రి టపాసు పేలినట్టు చప్పుడైంది. పొద్దున్న చూస్తే ఈ చివర నుంచి ఆ చివరికి పగులు, వేలు పట్టేంత. మా మేస్త్రి వంగి చూసి, "ఏట్రా, కర్రకి ఊపిరాడనివ్వవా?" అన్నాడు.

పలక పొడుగున దాదాపు మారదు. అడ్డంగా మాత్రం వానలకి ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. అందుకని నాలుగు పలకలకీ లోపలివైపు పది మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, అడుగు పలకని అందులో ఊరికే కూర్చోబెట్టు. వెడల్పు వైపు రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ ఉంచు. గాడిలో జిగురు చుక్క కూడా పడకూడదు. వానల్లో చేస్తే ఖాళీ కాస్త తగ్గినా పర్వాలేదు, ఎండాకాలంలో చేస్తే అస్సలు తగ్గించకు. గాడి మూలల్లో బయటికి కనబడితే చిన్న ముక్క కొట్టి మూసెయ్యి.

మూత సంగతి నువ్వొచ్చాక చూద్దాం. మడతబందులు మాత్రం ఇత్తడివే కొను. పైన లిన్‌సీడ్ ఆయిల్ రాయి, లోపల వద్దు, బట్టలకి వాసన పడుతుంది. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. తీగ మీద విడదీసి ఆరెయ్యి.

సంక్రాంతికి వచ్చినప్పుడు పలకలు నువ్వే ఏరుకో. ఇక్కడే కొలతకి కోసుకుంటే బస్సులో పట్టుకెళ్లొచ్చు. నా ఉలులు సానపట్టి ఉంచుతాను.

మీ మావయ్య