19 మార్కుల పేపర్ ఇంట్లో చూపించే ధైర్యం రావాలి

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్‌మిల్లులో గుమస్తా, నేను ఇంట్లో బట్టలు కుడతాను. బాబు ఇక్కడే ప్రైవేటు స్కూల్లో పదో తరగతి, పాప ఏడో తరగతి. తొమ్మిది దాకా బాబు మామూలుగానే చదివాడు. ఈ ఏడాది టెన్త్ అని జూన్‌లోనే టీవీ తీయించేశాం, ఫోన్ ముట్టనివ్వడం లేదు. పొద్దున ఆరున్నరకు స్టడీ అవర్‌కు వెళ్తే రాత్రి ఏడున్నరకు వస్తాడు. తిని మళ్లీ లెక్కల ట్యూషన్‌కు పోతాడు. పడుకునేసరికి పదకొండు దాటుతుంది. దసరాకు అమ్మమ్మ ఊరికి కూడా పంపలేదు. ఇంత చేసినా ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) లెక్కల్లో 80కి 19 వచ్చాయి. ఆ సంగతి మాకు చెప్పకుండా పేపర్ మీద వాళ్ల నాన్న సంతకం తనే పెట్టి ఇచ్చేశాడు. క్లాస్ టీచర్ ఫోన్ చేస్తే తెలిసింది. ఆయన కొట్టారు. అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. స్లిప్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున "కడుపుల నొస్తుందమ్మా" అని కూర్చుంటున్నాడు. టెన్త్ కాగానే హైదరాబాద్ హాస్టల్లో ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అని ఆయన పట్టుదల. కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఇప్పుడే పదివేలు కడితే ఫీజు తగ్గిస్తామన్నాడు. బాబేమో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని లాయర్ అవుతానంటాడు. మా ఆయన కూడా అప్పట్లో టెన్త్ లెక్కల్లో తప్పి చదువు ఆపేసినవారే. మిగిలిన ఈ నాలుగు నెలలు వాణ్ని ఎలా కూర్చోబెట్టి చదివించాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ బాబు కూర్చునే ఉన్నాడు. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ట్యూషన్ అయ్యేదాకా పుస్తకం ముందే ఉన్నాడు. ఇంకో గంట కూర్చోబెడితే ఆ 19 పెరగవు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మార్కులు కాదు, సంతకం. పదిహేనేళ్ల పిల్లాడు తండ్రి సంతకం తనే పెట్టేశాడంటే, ఆ పేపర్ ఇంట్లో చూపిస్తే ఏమవుతుందో వాడికి ముందే తెలుసన్నమాట. చివరికి వాడు అనుకున్నదే జరిగింది. ఇక ముందు రాబోయే ప్రీఫైనల్ పేపర్లు మీ ఇంటికి నిజంగా వస్తాయా, లేక మళ్లీ సంచిలోనే ఉండిపోతాయా అన్నదే అసలు సంగతి. తప్పు ఎక్కడుందో తెలియకుండా ఏ ట్యూషన్ మాస్టారూ దిద్దలేడు.

కాబట్టి మొదటి పని మీ ఆయనది. ఆ 19 మార్కుల పేపర్ తెప్పించండి. బాబు పెట్టిన సంతకం కింద ఆయన తన సంతకం పెట్టాలి, వాడి ఎదురుగానే. పెడుతూ "మార్కులు తక్కువొచ్చినందుకు కాదు, దాచినందుకు కోపం వచ్చింది. కొట్టడం మాత్రం నాదే తప్పు" అని ఒక్క మాట అంటే చాలు. ఉపన్యాసం వద్దు. తర్వాత ఆ పేపర్ పట్టుకుని బాబే క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లి, సంతకం తనే పెట్టానని చెప్పి రావాలి. అది వాడు చేసిన తప్పు, దాన్ని ఒప్పుకునే పని వాడిదే. మీరు వెంట వెళ్లినా మాట్లాడేది వాడే కావాలి. దాన్ని అంతటితో ముగించండి. చుట్టాలొచ్చినప్పుడల్లా "మావాడు సంతకాలు కూడా పెడతాడు" అని నవ్వులాటకు కూడా ఎత్తొద్దు.

మీ ఆయన టెన్త్ తప్పిన సంగతి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. బాబుకు ఆ సంగతి తెలుసా? తెలియకపోతే, తండ్రి నోటి నుంచే వినాలి. అప్పుడు ఏమైంది, ఇంట్లో ఎవరేమన్నారు, మిల్లులో ఎలా చేరారు అన్నది మామూలుగా చెబితే చాలు. "నాలాగ కావొద్దు" అని చివర్లో తగిలిస్తే మాత్రం చెప్పిందంతా వృథా. ఆయన పట్టుదల వెనక ఉన్నది భయం. టెన్త్ తప్పితే చదువు అక్కడితో ఆగిపోతుందన్నది ఆయన అనుభవం. ఇప్పుడు అలా లేదు. రాతపరీక్షలో 80కి 28 వస్తే లెక్కలు పాస్. ఒకవేళ ఏదైనా సబ్జెక్టు పోయినా జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఈ మాట బాబుకన్నా ముందు మీ ఆయనకు తెలియాలి.

కడుపునొప్పి సంగతి తేలిగ్గా తీసేయకండి. "నాటకాలు" అని అనొద్దు. ఒకసారి ఏరియా ఆసుపత్రిలో డాక్టర్‌కు చూపించండి. పొద్దున ఏం తినకుండా స్టడీ అవర్‌కు పరుగెత్తే పిల్లలకు గ్యాస్ నొప్పి కూడా రావచ్చు. అలాంటిదేమీ లేదంటే అది టెన్షన్ వల్ల వచ్చే నొప్పి. ఆ నొప్పి కూడా నిజమైనదే, పిల్లాడు కల్పించుకున్నది కాదు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" లాంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. బాబును కూడా నేరుగా మాట్లాడమనండి. ఆ నంబర్ వంటింటి గోడ మీద రాసిపెట్టండి, ఎందుకని ఎవరైనా అడిగితే అందరి కోసమని చెప్పండి.

ఇక లెక్కలు. పేపర్ ఇంటికొచ్చాక మీరు లెక్కలు నేర్పాల్సిన అవసరం లేదు. లెక్కల సార్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "సార్, వీడు ఎక్కడ తప్పుతున్నాడు?" "ప్రాక్టీస్ తక్కువ" అంటే ఊరుకోకండి, పేపర్ ముందు పెట్టి చూపించమనండి. నేను చూసినంతలో చాలామంది పిల్లలకు వర్గ సమీకరణం చేసే పద్ధతి తెలుసు. సూత్రం సరిగ్గా రాస్తారు, విలువలు పెడతారు, మైనస్ మూడును మైనస్ నాలుగుతో గుణించి మైనస్ పన్నెండు రాస్తారు. అక్కడి నుంచి కింద అంతా తప్పే. అది పదో తరగతి పాఠం కాదు, ఏడో తరగతి పాఠం. అలాంటి పిల్లాణ్ని రోజూ త్రికోణమితి ట్యూషన్‌కు పంపితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, తనకు లెక్కలు రావని. మీ పాప ఏడో తరగతే కదా. ఆ పుస్తకంలోని పూర్ణసంఖ్యలు, సామాన్య సమీకరణాలు వారం పది రోజులు చెల్లెలితో కలిసి చేయమనండి. చెల్లెలికి చెబుతున్నట్టు ఉంటుంది కాబట్టి నామోషీ ఉండదు, పని మాత్రం వాడిదే అవుతుంది.

ఆ తర్వాత పద్నాలుగు అధ్యాయాలూ ఒకేసారి మీద వేయొద్దు. 19 నుంచి 28కి తొమ్మిది మార్కులే దూరం. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, సమితులు, వాస్తవ సంఖ్యలు మిగతా వాటికన్నా తేలిగ్గా పట్టుబడతాయి. గ్రాఫ్ లెక్క గీతలు సరిగ్గా గీస్తే మార్కులు తెచ్చిపెడుతుంది. 80లో 20 మార్కులు బిట్లవే, వాటికి పాఠాల్లో ఉన్న అభ్యాసాలు పనికొస్తాయి. జవాబు తేలకపోయినా స్టెప్పులకు మార్కులు వేస్తారు, ఖాళీగా వదలొద్దని చెప్పండి. సార్‌తో కలిసి ముందు ఐదారు పాఠాలు ఎంచుకుని, అవి చేతికొచ్చాక మిగతావి చూడండి. లాయర్ కావాలనుకునే పిల్లాడికి సోషల్ బాగానే ఉండి ఉంటుంది. అందులో మ్యాప్ ఒక్కటి రోజూ గుర్తించడం అలవాటైతే ఆ మార్కులు పోవు.

రాత్రి ట్యూషన్ మాన్పించండి. ఖంగారు పడకండి, చదువు మాన్పించమనడం లేదు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర కనీసం ఉండాలి. మీ బాబుకు ఆరు గంటలు కూడా పడటం లేదు. స్కూల్లోనే స్టడీ అవర్ ఉన్నప్పుడు ఆ సమయంలో లెక్కల సార్ దగ్గర కూర్చునేలా హెడ్మాస్టర్‌ను అడిగి ఏర్పాటు చేయించుకోండి. ఫీజు కడుతున్నారు, అడిగే హక్కు మీకుంది. ఇంటికొచ్చాక తినడం, గంటసేపు తనకిష్టమైన సబ్జెక్టు, పదింటికి పడక. ఫోన్ పూర్తిగా లాక్కుంటే స్నేహితుడి ఫోన్‌లో చూస్తాడు. రోజుకు అరగంట మీ ఎదుటే ఇవ్వండి. తొమ్మిదింటికి అందరి ఫోన్లూ వంటింట్లో పెట్టాలి, మీ ఆయనది కూడా. టీవీ లేకపోవడం వల్ల నష్టమేమీ లేదు కానీ, ఏడో తరగతి పాప ఏం పాపం చేసిందని? వాళ్లన్నయ్య పరీక్షలకు ఆ పిల్ల ఎందుకు శిక్ష అనుభవించాలి? సంక్రాంతికి ఇద్దర్నీ అమ్మమ్మ దగ్గరికి రెండు రోజులు పంపించండి. పుస్తకాలు కట్టి పంపకండి.

సీఈసీ, ఎంపీసీ గొడవ. ఇది మార్చి పరీక్షలకు ముందు తేలాల్సిన అవసరం లేదు, ఆ చర్చను ఫలితాల దాకా వాయిదా వేస్తున్నామని ఇద్దరి ముందూ చెప్పేయండి. పరీక్ష గదిలో కూర్చున్న పిల్లాడికి "ఈ మార్కులొస్తే నన్ను హైదరాబాద్ పంపేస్తారు" అన్న ఆలోచన ఉంటే కలం కదలదు. అయినా మీరు ఆ సంగతి ఎత్తారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాసి ఐదేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో సీటుకు క్లాట్ అనే జాతీయ పరీక్ష రాయాలి, దానికీ గ్రూపుతో పనిలేదు. సీఈసీ వాళ్లు చార్టర్డ్ అకౌంటెంట్ చదువుకు తొలి పరీక్ష అయిన సీఏ ఫౌండేషన్ కూడా రాస్తారు. "సీఈసీ చదివి ఏం చేస్తడు" అన్న మాటకు ఇది జవాబు. అయితే సీఈసీ తీసుకుంటే ఇంజనీరింగ్ తలుపు మూసుకుంటుంది, ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగానికి లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. వాడు లాయర్ కావాలనుకుంటున్నాడా, లెక్కల నుంచి పారిపోవాలనుకుంటున్నాడా? రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఒకటి కాదు. పరీక్షలయ్యాక మీ ఊరి కోర్టుకు ఒక పూట వెళ్లి కూర్చుని రమ్మనండి. గంటల తరబడి వాయిదాల కోసం నిలబడే ప్లీడర్లను చూసి కూడా ఇష్టం పోకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇంజనీరింగ్ అంటే మీ ఆయనకు అంత ఇష్టం ఉంటే, పాలిసెట్ రాయించి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసే దారి కూడా ఉందని తెలియాలి. నల్గొండలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. కానీ లెక్కలకే భయపడే పిల్లాణ్ని రాత్రింబవళ్లు లెక్కలే చెప్పే హాస్టల్లో వేయడం నాకైతే సమ్మతం కాదు. కనీసం ఇంటర్ మొదటి ఏడాది కళ్లెదుట ఉంచుకోండి. మిర్యాలగూడలో జూనియర్ కాలేజీలు లేకపోలేదు.

పీఆర్వోకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇంటర్ బోర్డు షెడ్యూల్ ఇవ్వకముందు అడ్మిషన్లు చేయకూడదు, టెన్త్ ఫలితాలు రాకముందు "సీటు ఖాయం" అన్న మాటకు అర్థమే లేదు. పీఆర్వో చూపించేది ర్యాంకుల బోర్డు. మీరు చూడాల్సింది హాస్టల్ గది, అన్నం, ఒక సెక్షన్‌లో ఎంతమంది, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా ఉందా, ఒరిజినల్ మెమో, టీసీ తీసుకుని మళ్లీ ఇవ్వడానికి తిప్పుతారా అన్నవి. అక్కడే రెండో ఏడాది చదివే పిల్లాడి తల్లితో మాట్లాడితే బ్రోచర్‌లో లేనివి చాలా తెలుస్తాయి.

ఇన్ని గొడవల్లో మీరు మరచిపోయేలా ఉన్న పని ఒకటుంది. ఈ రోజుల్లోనే స్కూళ్లు పరీక్ష ఫీజు కట్టించుకుని నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపిస్తాయి. వెళ్లి చూడండి. బాబు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, ఫోటో వాడిదేనా, ద్వితీయ భాష సరిగ్గా పడిందా, పుట్టుమచ్చలు రాసిన చోట నిజంగా ఉన్నాయా. టెన్త్ మెమోలో పడిన పుట్టిన తేదీయే రేపు ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ పనికొస్తుంది. తర్వాత ఒక అక్షరం దిద్దించాలన్నా హైదరాబాద్ తిరగాల్సి వస్తుంది. సంతకం సంగతి చెప్పడానికి బాబు టీచర్ దగ్గరికి వెళ్లే రోజే ఇది కూడా చూసి రండి.