ఒకే ఫిర్యాదు మూడు చోట్లకు పంపవచ్చా?

సందేహం: లాయరు గారూ, మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. దొంగతనం అనుమానంతో పోలీసులు మా తమ్ముణ్ణి పట్టుకెళ్లి, అరెస్టు చూపకుండా మూడు రోజులు స్టేషన్లో పెట్టి కొట్టారు. నాలుగు నెలలైంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ పెట్టి, దాని జిరాక్సులు ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కూ, జెనీవాలోని ఐక్యరాజ్య సమితి (ఐరాస) మానవ హక్కుల విభాగానికీ పంపమంటున్నారు. అలా చేస్తే పని త్వరగా అవుతుందా?

జవాబు: అవ్వదు సరికదా, అసలుకే మోసం రావచ్చు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 36(1) ప్రకారం రాష్ట్ర కమిషన్ దగ్గరో, చట్టం కింద ఏర్పడిన మరో కమిషన్ దగ్గరో నడుస్తున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. జాతీయ కమిషన్ విచారిస్తున్నదాన్ని రాష్ట్ర కమిషన్ ముట్టుకోకూడదని 21(5) చెబుతుంది. ఇక వేరే ఆఫీసుకు రాసిన అర్జీకి జిరాక్సు పంపితే జాతీయ కమిషన్ నిబంధనల్లో అది మామూలుగా ఫిర్యాదు కిందికే రాదు. పోస్టులో పంపితే అసలు కాగితం, సంతకం ఉండాలి.

నన్నడిగితే జాతీయ కమిషన్‌కే పెట్టండి. ఫీజు లేదు, తెలుగులోనే రాయవచ్చు, ఆన్‌లైన్ ఫిర్యాదుల కోసం ఉన్న హెచ్‌ఆర్‌సీనెట్ పోర్టల్లో ఇంటి నుంచే పంపవచ్చు. రాష్ట్ర కమిషన్ చూడదగ్గదనిపిస్తే 13(6) కింద వాళ్లే అక్కడికి బదిలీ చేస్తారు. ఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం 36(2) అడ్డొస్తుంది. ఏడాది లెక్క కొట్టిన రోజు నుంచే.

అర్జీలో ఆవేశం తగ్గించి తేదీలు పెంచండి. ఏ రోజు ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారు, ఎప్పుడు వదిలారు, మేజిస్ట్రేటు ముందు పెట్టారా లేదా (24 గంటల్లో పెట్టాలని రాజ్యాంగం 22(2) అంటుంది), పేర్లు తెలియకపోతే హోదా, ఆనవాళ్లు. తిరుపతి రుయా ఆసుపత్రిలో గానీ, మరెక్కడైనా గానీ చూపించి ఉంటే వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), ఓపీ చీటీ జతచేయండి. మీ తమ్ముడిపై దొంగతనం కేసు కోర్టులో ఉంటే, ఈ అర్జీ స్టేషన్లో కొట్టిన సంగతి గురించి మాత్రమేనని మొదటి పేరాలోనే రాయండి. లేకపోతే ‘విషయం కోర్టులో ఉంది’ అని మూసేస్తారు. సెక్షన్ 18 కింద మధ్యంతర సాయం కూడా అడగండి. కమిషన్ ఇచ్చేది సిఫారసే, తీర్పు కాదు.

జెనీవా సంగతి. ఐరాస పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది గానీ, వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై 1997లో సంతకం పెట్టి, ఇంతవరకూ ఆమోదించలేదు. యూరప్ వాళ్లకు స్ట్రాస్‌బర్గ్‌లో కోర్టు ఉంది, మనకు సార్క్‌లో (దక్షిణాసియా దేశాల కూటమి) అలాంటిదేమీ లేదు. అందుకని జెనీవాలో ‘కేసు వేయడం’ కుదరదు. చిత్రహింసలపై ఐరాస ప్రత్యేక ప్రతినిధికి లేఖ రాయవచ్చు. దానికి మన దేశం ఏ ఒప్పందంపైనా సంతకం పెట్టి, ఆమోదించి ఉండనక్కర్లేదు. ఇక్కడ ఫైలు నడుస్తున్నా రాయవచ్చు. ఆ ప్రతినిధి మన ప్రభుత్వాన్ని వివరణ అడుగుతారు, అంతే. మీ తమ్ముడి సమ్మతి, పేరు బయటపెట్టవచ్చా లేదా, ఇక్కడ ఏమేం చేశారు అన్నవి మిమ్మల్ని అడుగుతారు. జాతీయ కమిషన్ మీ అర్జీకి ఇచ్చిన డైరీ నంబరు అక్కడ పనికొస్తుంది. ముందు ఢిల్లీ, తర్వాతే జెనీవా అంటున్నది అందుకే.

వీటన్నిటికంటే తొందరగా చేయాల్సింది సీసీ కెమెరా సంగతి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్టేషన్ ఫుటేజీని 18 నెలలు, అది వీలుకాని చోట కనీసం ఏడాది, దాచాలని ఆదేశించింది. ఆ మూడు రోజుల తేదీలు వేసి, ఫుటేజీ చెరపకుండా భద్రపరచమని ఎస్పీకీ, స్టేషన్ అధికారికీ (ఎస్‌హెచ్‌ఓ) ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో అర్జీలు పంపండి. ‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అని నోటితో అంటే ఒప్పుకోవద్దు, రాసివ్వమనండి. ఆ రెండు పోస్టు రసీదులూ కమిషన్ అర్జీకి జతచేసి, ఫుటేజీ తెప్పించమని కోరండి.