హాస్పిస్ చాప్లెయిన్ శిక్షణ: ముందు డబ్బు లెక్క చూసుకోండి

అమ్మా, మీ ఉత్తరం చదివాను. సైకాలజీలో ఎమ్మే చేశానని, గీత కంఠస్థమని, డాలస్‌లో ఊరికే కూర్చోలేక చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే హాస్పిస్‌లో చాప్లెయిన్‌గా, అంటే వాళ్లకు ఆధ్యాత్మికంగా తోడుండే ఉద్యోగం చేయాలనుకుంటున్నానని రాశారు. అన్నీ రాశారు గానీ ఆ చదువుకు ఎంతవుతుందో, జీతం ఎప్పుడు మొదలవుతుందో అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరూ అడగరు.

ఉద్యోగాలకు లోటు లేదు. పెద్ద వయసువారికి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ 1983 నుంచి హాస్పిస్ ఖర్చు భరిస్తోంది. ఆ సొమ్ము తీసుకునే ప్రతి హాస్పిస్ బృందంలోనూ డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు లాంటివారితో పాటు పాస్టరో మరో కౌన్సెలరో ఉండి తీరాలి. చాప్లెయిన్లు చేసేది ఆ పనే. దీనికి శిక్షణ సీపీఈ, అంటే క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్. 1925లో ఆంటన్ బోయిసన్ మసాచుసెట్స్‌లోని ఊస్టర్ మానసిక వైద్యశాలలో దైవశాస్త్ర విద్యార్థులను రోగుల మధ్యకు తెచ్చి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో యూనిట్ 400 గంటలు. చాప్లెయిన్ల బోర్డు ఇచ్చే సర్టిఫికెట్‌కు నాలుగు యూనిట్లు, తగిన పీజీ చదువు, మన మత సంస్థ నుంచి ఆమోద లేఖ కావాలి. తక్కిన నిబంధనలు మీరే చూసుకోగలరు.

నేను వచ్చిన కొత్తలో ఇవేవీ కనుక్కోకుండా, ఆన్‌లైన్‌లో ఎవరో చాప్లెయిన్ సర్టిఫికెట్ అమ్ముతుంటే కొనేశాను. కారు రిపేరుకని దాచిన డబ్బు అది. మా ఆవిడ వద్దంటూనే ఉంది. బంగారు రంగు ముద్ర వేసిన ఆ కాగితం పట్టుకుని ఇంటర్వ్యూకు వెళితే, అక్కడి మేనేజరు దాన్ని పక్కన పెట్టి "మీకు ఎన్ని యూనిట్లు అయ్యాయి?" అని అడిగింది. యూనిట్లంటే నాకు అప్పటికి కరెంటు బిల్లే తెలుసు.

తర్వాత అప్పు చేసి అసలైన యూనిట్‌లో చేరాను. ఫీజు మనమే కట్టి, జీతం లేకుండా వార్డులు తిరగాలి. అక్కడ వర్బేటిమ్ అని ఒకటుంటుంది. రోగితో జరిగిన మాటలన్నీ గుర్తు తెచ్చుకుని, ఎవరేమన్నారో వరుసగా రాసి, తోటివారి ముందు చదవాలి. కొడుకు దగ్గరికి వచ్చి జబ్బుపడిన మన తెలుగు పెద్దాయనతో మాట్లాడింది రాసుకెళ్లాను. చిరిగిన బట్టలు మార్చినట్టు ఆత్మ దేహాన్ని మారుస్తుందని తాత్పర్యంతో సహా ఒక పేజీ నిండా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. మా సూపర్‌వైజరు పెన్సిలుతో ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశారు. ఆ వాక్యం పెద్దాయనది: "ఈ బిల్లంతా మావాడి నెత్తిన పడుతుందా బాబూ?"

ఆయన అడిగింది అదీ, నేను చెప్పింది ఇదీ. మర్నాడు సోషల్ వర్కరును వెంటబెట్టుకుని వెళ్లాను. లెక్క కాగితం మీద తేలేదాకా ఆయన నా వైపు చూడలేదు. తేలిన తర్వాత తన పొలం గురించి, పోయిన భార్య గురించి తనంతట తనే చెప్పుకొచ్చాడు. శ్లోకం అడగనే లేదు. కాబట్టి మీ గీత ఎక్కడికీ పోదు, అడిగినప్పుడు చెబుదురుగాని.

ఇక మీ సంగతి. మొదటి యూనిట్ వారానికి కొన్ని గంటల చొప్పున నెలల తరబడి సాగే పద్ధతిలో చేయండి. మీవారి జీతం మీద ఇల్లు గడుస్తుంది. అది పూర్తయ్యాక ఏడాది రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ మిగతా యూనిట్లు చేసే శిక్షణకు, పెట్టుకోండి. అందులో స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల ఆరోగ్య బీమా కూడా ఉంటుంది. నేను ఆ సంగతి తెలియక రెండో యూనిట్‌కు కూడా సొంత డబ్బే పోశాను. స్టైపెండ్ తీసుకోవాలంటే పని అనుమతి ఉండాలి, మీ వీసాతో కుదురుతుందో లేదో లాయరును అడగండి. బోర్డు సర్టిఫికెట్ వచ్చినా సాఫ్ట్‌వేర్ జీతం రాదు. మీవారితో ఆ మాట ముందే అనుకోండి.

దరఖాస్తు పెట్టే ముందు స్టైపెండ్ ఎంత, బీమా ఎవరెవరికి వర్తిస్తుంది అని నిర్మొహమాటంగా అడగండి. ఆసుపత్రి పార్కింగ్ రుసుము ఎవరు కట్టాలో కూడా అడగండి. నాకైతే నెల తిరిగేసరికి తిండి కంటే దానికే ఎక్కువైంది.