అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి 777 పెట్టకండి, ముందు ఓనర్ ఎవరో చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: హోస్టింగ్ వాళ్లు మీ వర్డ్‌ప్రెస్ సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చారు. అప్పటినుంచి ఫొటో ఎక్కిస్తుంటే ఈ నెల ఫోల్డర్ తయారుచేయలేకపోయామని, పై ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉందో లేదో చూడమని మెసేజ్ వస్తోంది. ఫొటోలు చేరే ఆ అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి ఫ్రెండ్ 777 పర్మిషన్ (ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు) పెట్టమన్నారు, పెట్టవచ్చా అని అడుగుతున్నారు. దయచేసి పెట్టకండి. దానివల్ల నేను పడ్డ ఇబ్బంది చెబుతాను.

మా ఊరి హైస్కూల్ పూర్వ విద్యార్థుల సైట్ చాలాకాలం నేనే చూసుకున్నాను. సర్వర్ మారాక అచ్చం ఇదే మెసేజ్ వచ్చింది. మర్నాడే మా లెక్కల మాస్టారి రిటైర్మెంట్ సభ, ఫొటోలు ఎక్కించాలి. టెన్షన్‌లో సపోర్ట్ చాట్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు రెండు నిమిషాల్లో 777 పెట్టేశాడు. ఫొటోలు ఎక్కాయి. నేను ఇక ఆ ఊసే ఎత్తలేదు.

నాలుగు నెలల తర్వాత స్పామ్ మెయిళ్లు వెళ్తున్నాయని అకౌంట్ ఆపేశారు. ఎఫ్‌టీపీలో (సర్వర్ ఫైళ్లు చూసే, పంపే పద్ధతి) అప్‌లోడ్స్ తెరిచి చూస్తే సభ ఫొటోల మధ్య ఒక పీహెచ్‌పీ ఫైల్, అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్, ఉంది. దాని ఎదురుగా ఓనర్ కాలమ్‌లో మా యూజర్ పేరు లేదు, అదే సర్వర్‌లో ఇంకెవరి అకౌంట్ పేరో ఉంది. 777లో చివరి 7 అంటే అదే: మిగతా అందరూ రాయవచ్చు. ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఆ 'అందరూ' మన పక్కనే ఉంటారు. ఇంకో సంగతి, వర్డ్‌ప్రెస్ కొత్త నెల ఫోల్డర్‌కి పై ఫోల్డర్ పర్మిషనే ఇస్తుంది. అలా నెలనెలా ఇంకో ఫోల్డర్ బార్లా తెరుచుకుంటూ పోయింది, ఫొటోలన్నీ 666 (ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు) అయ్యాయి.

అసలు జబ్బు పర్మిషన్ కాదు, ఓనర్‌షిప్. సైట్ మార్చేటప్పుడు ఫైళ్లు రూట్ (సర్వర్ అడ్మిన్) పేరుతో కాపీ అయి, తిరిగి మా పేరుకి మారలేదు. మీదీ అదేనని నా అనుమానం. ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌లో ఓనర్ కాలమ్ చూడండి, అప్‌లోడ్స్‌కీ మిగతా ఫోల్డర్లకీ మీ అకౌంట్ పేరే ఉందా అని. ఇంకో గుర్తు కూడా ఉంది: పర్మిషన్ మార్చబోతే సర్వర్ ఒప్పుకోకపోతే ఆ ఫోల్డర్ మీది కాదన్నమాట, ఎందుకంటే ఓనర్ లేదా రూట్ మాత్రమే మార్చగలరు. అప్పుడు సపోర్ట్‌కి "777 వద్దు, ఫైళ్ల ఓనర్‌షిప్ మా అకౌంట్ యూజర్‌కి మార్చండి" అని ఇదే మాట రాయండి.

వాళ్లు ఆలస్యం చేస్తే ఒక దారి ఉంది. అప్‌లోడ్స్ ఉన్న పై ఫోల్డర్ మీదైతే, పాత అప్‌లోడ్స్‌ని డౌన్‌లోడ్ చేసుకుని, సర్వర్‌లో దాని పేరు మార్చి, అదే పేరుతో కొత్తది తయారుచేసి అన్నీ తిరిగి ఎక్కించండి. కొత్తది మీ పేరునే ఉంటుంది. పాతదాన్ని తీసేయడానికి మాత్రం వాళ్లే కావాలి.

మీ ఫ్రెండ్ మాటకీ ఒక కారణముంది. ఒకప్పుడు చాలా సర్వర్లలో పీహెచ్‌పీ 'నోబడీ' లాంటి వేరే యూజర్‌గా నడిచేది, అందుకే అందరికీ రాసే హక్కు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల మన అకౌంట్ పేరుతోనే నడుస్తుంది కాబట్టి ఓనర్ ఒక్కరే రాయగలిగేలా ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 చాలు. కొన్ని సర్వర్లలోనైతే పీహెచ్‌పీ ఫైళ్లున్న ఫోల్డర్‌కి 777 పెడితే సైట్ 500 ఎర్రర్‌తో ఆగిపోతుంది కూడా.

755, 644 పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒక్కో అంకె వీటి మొత్తం: చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్‌లోకి వెళ్లడానికి 1. ఫైల్‌జిల్లాలో 'ఫైళ్లకి మాత్రమే' అన్నది ఎంచుకోకుండా లోపలివాటన్నిటికీ 644 ఇస్తే ఫోల్డర్లకి ఆ 1 పోతుంది, ఫొటోలన్నీ 403 (అనుమతి లేదు) ఎర్రర్ చూపిస్తాయి. నేను ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నాను.

ఓనర్, పర్మిషన్ రెండూ సరిగ్గా ఉన్నా ఎక్కకపోతే డిస్క్ కోటా, ఫైళ్ల సంఖ్య కోటా నిండాయేమో చూడండి.

ఇప్పటికే 777 పెట్టి ఉంటే, వెనక్కి మార్చాక అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ ఫైళ్లున్నాయేమో వెతకండి. కొన్ని ప్లగిన్లు పెట్టే ఖాళీ ఇండెక్స్ ఫైల్ తప్ప అక్కడ వాటికి పనిలేదు. మిగతాది ఏది కనిపించినా, తీసేసేముందు దాని ఓనర్ పేరు, తేదీ రాసిపెట్టుకోండి. సపోర్ట్ వాళ్లకి అవి అవసరమవుతాయి.