రాగి తీగ వేయకుండా పరీక్ష చేయొద్దు

కావలి

అమ్మణ్ణీ,

వేరుశనగ నూనెని ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసేదాని మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాయన చెప్పాడు. పొద్దున విని వీధంతా చెప్పుకున్నాను. రాత్రికి భయం పట్టుకుంది.

కృష్ణపట్నం రిఫైనరీల్లో తేలిగ్గా దొరుకుతుందని మామూలు సన్‌ఫ్లవర్ పట్టుకోవద్దు. దాంట్లో లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, గాలికి తొందరగా చెడుతుంది. గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాల్లో అంత తొందరగా చెడని ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, ఆ కాయలు వెతుక్కో. నూనె చెడకుండా మందుగా టీబీహెచ్‌క్యూ, కాస్త సిట్రిక్ యాసిడ్ కలుపుతావు, సరే. రాగి తీగ లేకుండా కాచి నూనె బాగుందని రాశావంటే మాత్రం ఊరుకోను. దాన్ని తొందరగా చెడగొట్టేది రాగే గదా! ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసే మొక్కల నూనెలకి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62770 ప్రకారం 120 డిగ్రీల్లో, రాగితోనే, 48 గంటలు కాచి చూడాలి. పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌కయితే, మందేమీ కలపనిదానికే 164 గంటలు. మన నూనె ఎంత సుకుమారమో అక్కడే తెలియట్లా?

రిటైరయ్యాక ఒంగోలు వైపు ఒక రిపేరు షెడ్డుకి పోయి కూర్చునేవాణ్ణి. తీగ బయటికొచ్చే బుషింగ్ దగ్గర కారుతోందని ఈస్టర్ ఆయిల్, అంటే ఇట్టాంటి మొక్కల నూనె, పోసిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వచ్చింది. నూనె దించి, లోపలి కోర్‌ని వైండింగ్ తీగచుట్టలతో సహా పైకి లేపి, గ్యాస్‌కెట్ రాలేదని అట్నే గాలికి వదిలేశారు. మే నెల. మినరల్ ఆయిల్ అలవాటున్న చేతులు, వాళ్లకేం తెలుసు? తర్వాత వేడిగాలి ఓవెన్‌లో పెట్టారు. తీసి చూస్తే వైండింగ్‌కి అంటిన పల్చటి నూనె పొర బాండ్లి అంచున మాడిన జిడ్డులా బిగుసుకుపోయింది. గుడ్డకి రాదు, కొత్త నూనెతో కడిగినా పోదు. ట్యాంకులో ఏళ్ల తరబడి చెడని నూనె, పల్చటి పొరయ్యి ఆరుబయట చెడింది. ఓనరు నూనె కంపెనీని తిట్టాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అందుకే చెబుతున్నా, మందు కలపడం సగం పనే. మన పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్లు బ్రీదర్ అనే సిలికాజెల్ డబ్బాతో గాలి పీలుస్తాయి. సిలికాజెల్ తేమని ఆపుతుంది గానీ ఆక్సిజన్‌ని ఆపదు. సీలు చేసిన ట్యాంకు, పైన నైట్రోజన్, ఇది నీ రిపోర్టులో మొదటి పేజీలో ఉండాలి. నూనె దించితే కోర్‌ని తెరిచి ఉంచకూడదని కూడా రాయి, రిపేరు చేసేవాడికి అర్థమయ్యే తెలుగులో.

నూనె కాచేటప్పుడు ఒంటరిగా ఉండబాకమ్మా. జడ పైకి ముడేసుకో. తిండి మానేసి ల్యాబ్‌లో కూర్చున్నావని తెలిస్తే బస్సెక్కి వస్తా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి మీ నాయన గొణుగుతుంటాడు. వాడితో నేను మాట్లాడతాలే.

మీ పెదనాయన