ఈ ఏడాది పదిహేను లక్షలు వచ్చాయి, వచ్చే ఏడాది సంగతి?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్ళు పరిషత్తు (పోటీ) నాటకాలు ఆడి, తర్వాత హైదరాబాద్ వచ్చాను. సీరియళ్ళలో తండ్రి, బాబాయి వేషాలు, సినిమాల్లో ఎస్సై, సర్పంచి లాంటి చిన్న వేషాలు వేస్తున్నాను. గత మూడేళ్ళలో వరుసగా 9 లక్షలు, 6 లక్షలు, 15 లక్షలు వచ్చాయి. వేషాలు ఇప్పించే కో-ఆర్డినేటర్ కమీషన్, బట్టలు, ప్రయాణాలకు ఏడాదికి లక్షా ఇరవై వేలు పోతుంది. యూసఫ్‌గూడలో అద్దె ఇల్లు. నా భార్య, పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి, ఊళ్ళో అమ్మ. ఇంటి ఖర్చు నెలకు 42 వేలు. బ్యాంకులో 12 లక్షలున్నాయి. కొవిడ్ రోజుల్లో తెచ్చిన 3 లక్షల అప్పుకు రెండు రూపాయల వడ్డీ కడుతున్నాను. నాకు షుగర్ ఉంది, బీమా ఏదీ లేదు. నాతో నాటకాలు ఆడిన మిత్రుడొకడు చిన్న సినిమా తీస్తున్నాడు. 8 లక్షలు పెడితే వాటా ఇచ్చి, ప్రధాన పాత్ర నాకే ఇస్తానంటున్నాడు. మా ఆవిడ ఫ్లాట్ కొందామంటోంది. నేనింకా నాటకాలకు వెళ్తున్నానని కూడా ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది 15 కాదు, దాని ముందున్న 6. ఆ ఏడాది ఇల్లు ఎలా గడిచిందో మీరు రాయలేదు. నెలకు 42 వేల చొప్పున ఇంటికే ఐదు లక్షల చిల్లర. వేషాల ఖర్చు లక్షా ఇరవై వేలు. పైన వడ్డీకి డెబ్బై రెండు వేలు. ఆరు లక్షల్లో ఇవి పట్టవు. ఆ ఏడాది మీరిద్దరూ ఎంత టెన్షన్ పడి ఉంటారో నేను ఊహించగలను. మళ్ళీ అలాంటి ఏడాది వస్తుంది. సీరియల్లో మీ ట్రాక్ ఆగిపోవడానికి మీ నటన బాగోకపోవాల్సిన పనిలేదు, కథ మలుపు తిరిగితే చాలు. అందుకే ఇప్పుడు చేతిలో ఉన్న 12 లక్షలను మిగులు అనుకోకండి. అందులో చాలా భాగం రాబోయే కరువు ఏడాదిది.

మీరు పల్లెటూరి నుంచి వచ్చారు కాబట్టి గాదె సంగతి చెప్పక్కర్లేదు. పంట ఇంటికొచ్చిన నెలలో ఎవరూ బస్తాలకు బస్తాలు వండుకోరు. ఏడాది గింజలు గాదెలో పోసుకుని కొలుచుకుని తింటారు. మీ డబ్బు విషయంలో నేను చేయమనేదీ అదే. రెండు బ్యాంకు ఖాతాలు పెట్టుకోండి. వేషాల మీద వచ్చే ప్రతి రూపాయీ మొదటి ఖాతాలో పడాలి. దాన్ని గాదె ఖాతా అనుకోండి. దానికి ఏటీఎం కార్డు, ఫోన్‌లో యూపీఐ వద్దు. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి 45 వేలు ఇంటి ఖాతాకు దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో చెప్పండి. అది మీ జీతం. నటుడికి నెల జీతం ఇచ్చేవాళ్ళెవరూ లేరు, మీకు మీరే ఇచ్చుకోవాలి. ఇరవై కాల్‌షీట్లు (షూటింగ్ రోజులు) ఉన్న నెలలోనూ 45 వేలే, ఒక్కటీ లేని నెలలోనూ 45 వేలే. వేషాల ఖర్చు మాత్రం నేరుగా గాదె నుంచే పెట్టుకోండి.

ఎందుకు 45 అంటే, ఇప్పటి ఖర్చుకు కాస్త పైన, మీ చెడ్డ ఏడాది కూడా దాదాపు మోయగలిగినంత. జీతం 5 లక్షల 40 వేలు, వేషాల ఖర్చు లక్షా ఇరవై, మొత్తం 6 లక్షల 60 వేలు. అలాంటి ఏడాదిలో తగ్గేది అరవై వేలే. ఆ లోటు గాదె తీరుస్తుంది.

పారితోషికం పడ్డ వారం ఇంట్లో చేయి కాస్త జారుతుంది, ఎవరికైనా అంతే. సీరియల్ డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యంగా వచ్చే పరిశ్రమలో అది మరీ సహజం. మూడు నెలలు బిగబట్టుకున్న ఇల్లు ఒక్కసారిగా ఊపిరి వదులుతుంది. నెల జీతం పద్ధతి వస్తే ఆ బిగబట్టడమూ ఉండదు, వదలడమూ ఉండదు.

ఇక ఆ 12 లక్షలు. ముందు 3 లక్షల అప్పు ఈ వారంలోనే తీర్చేయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రిస్కు లేకుండా మీకు అంత లాభం ఇచ్చే పెట్టుబడి నేను ఎక్కడా చూపించలేను. నోటు రాసిచ్చి ఉంటే అది వెనక్కి తీసుకుని, డబ్బు ముట్టినట్టు దాని మీదే రాయించుకోండి. మిగిలిన 9 లక్షల్లో ఐదున్నర గాదెలో ఉండాలి, అంటే ఏడాది జీతం. లక్షన్నర పొదుపు ఖాతాలోనూ, నాలుగు లక్షలు కావలసినప్పుడు తీసుకునే ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనూ పెట్టండి. మరో లక్షన్నర అమ్మాయి ఇంటర్ ఫీజుకు విడిగా డిపాజిట్ చేయండి. మిగిలిన రెండు లక్షల సంగతి కింద చెబుతాను.

దానికంటే ముందు ఒక మాట అడగాలి. 15 లక్షలని రాశారే, అది టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోశాక చేతికొచ్చినదా, ముందు ఒప్పుకున్న మొత్తమా? ఆదాయపు పన్ను రిటర్ను వేస్తున్నారో లేదో కూడా మీ ఉత్తరంలో లేదు. అది లేదంటే చాలాసార్లు వేయడం లేదనే అర్థం.

కొన్నేళ్ళ క్రితం ఓ సీరియల్ నటి నా దగ్గరికి గుడ్డ సంచి నిండా వోచర్లు వేసుకుని వచ్చారు. బల్ల మీద ఒక్కొక్కటీ పరిచాం. రోజుకు ఆరు వేలు ఒప్పుకున్న చోటల్లా ఐదు వేల నాలుగు వందలే ముట్టాయి. ‘ఈ ఆరువందలు ఏమిటమ్మా?’ అంటే, ‘కంపెనీవాళ్ళు కోసుకుంటారండీ, అందరికీ అంతే’ అన్నారు. అది కంపెనీ కోసుకున్నది కాదు. ఆమె పాన్ మీద ప్రభుత్వానికి కట్టిన పన్ను. ఆదాయపు పన్ను పోర్టల్లో 26ఏఎస్, అంటే మన పాన్ మీద కోసిన పన్నుల పట్టిక, తెరిచి చూపిస్తే ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఏళ్ళ తరబడి కోసిందంతా వరుసగా అక్కడ ఉంది. గడువున్న ఏడాదిది రిటర్ను వేసి తెప్పించాం. పాతవాటికి ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తులు పెట్టాం. అన్నీ రాలేదు.

మీ లెక్క చూడండి. వృత్తి పారితోషికం మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు దాటితేనే కోయాలి, అంతకుముందు ఆ పరిమితి 30 వేలు ఉండేది. మీ 15 లక్షల్లో 13 లక్షలకు టీడీఎస్ కోశారనుకుంటే, లక్షా ముప్పై వేలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఇప్పుడు మీరు కట్టాల్సిన పన్ను ఎంత? సినిమా నటులు చట్టం పేర్కొన్న వృత్తుల జాబితాలో ఉన్నారు. వాళ్ళు ఏడాది వసూళ్ళు 50 లక్షల లోపు ఉంటే ఖర్చుల పుస్తకాలు రాయకుండానే, వసూళ్ళలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపి రిటర్ను వేయొచ్చు. అందరూ 44ఏడీఏ అని పిలిచేది దీన్నే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, పద్ధతి ఉంది. 15 లక్షల్లో సగం ఏడున్నర లక్షలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్నులో తగ్గింపు) పోను కట్టేది సున్నా. అంటే ఆ లక్షా ముప్పై వేలూ మీకు తిరిగి రావాల్సిన డబ్బు. సీరియళ్ళు, నాటకాల వసూళ్ళను ఏ పద్దు కింద చూపాలో మాత్రం ఒక ఆడిటర్ని కూర్చుని అడగండి. గడువు దాటినా ఆ ఏడాది డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయొచ్చు. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రిఫండ్ అడిగే వీల్లేదు. ఏడాది వసూళ్ళు 20 లక్షలకు దగ్గరపడుతుంటే జీఎస్టీ సంగతి కూడా ఆయననే అడగండి.

రిటర్ను విలువ రిఫండ్‌తో అయిపోదు. బ్యాంకువాళ్ళు, బీమా కంపెనీలవాళ్ళు నటుడిని అడిగే మొదటి కాగితం అదే. మీ ఆవిడ కోరిన ఫ్లాట్ తప్పు కోరిక కాదు. ఏటా ఇల్లు ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఆమెది, దాన్ని తీసిపారేయకండి. కానీ గాదె ఖాళీ చేసి డౌన్ పేమెంట్ కట్టి, నెలకు ముప్పై వేల ఈఎంఐ తలకెత్తుకుంటే, ఆరు లక్షల ఏడాది మళ్ళీ వచ్చినప్పుడు ఆ ఫ్లాటే మిమ్మల్ని అప్పులవాళ్ళ దగ్గరికి నడిపిస్తుంది. వరసగా మూడేళ్ళు రిటర్నులు వేయండి, డౌన్ పేమెంట్ గాదె బయట విడిగా పోగేయండి, అప్పుడు చూద్దాం. ఇదంతా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేసి చూపించండి.

ఇప్పుడు మీ మిత్రుడి సినిమా. పెట్టొద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

చిత్తూరు నాగయ్య గారి పేరు మీకు నేను చెప్పాలా? ‘త్యాగయ్య’ 1946లో వచ్చింది. తన కాలంలో అంత ఆదరణ పొందిన నటుడు, సొంతంగా సినిమాలూ తీసినవారు, అడిగినవాళ్ళకు లేదనని మనిషి. 1973లో పోయేనాటికి ఇబ్బందుల్లో ఉన్నారు. సావిత్రి గారు 1971లో ‘ప్రాప్తం’ సొంతంగా తీశారు. అది ఆడలేదు. నష్టాల మీద నష్టాలు చేరి, ఎన్నో నెలలు కోమాలో ఉండి, 1981 డిసెంబరు 26న వెళ్ళిపోయారు. వాళ్ళ కష్టాలకు కారణం ఒక్క సినిమా తీయడమేనని నేను అనను. కానీ అంతటి వాళ్ళకే తట్టుకునే శక్తి లేని దెబ్బ మీ ఎనిమిది లక్షలు తట్టుకోవు. సినిమా అమ్ముడుపోతే ముందు ఫైనాన్షియర్ అసలూ వడ్డీ తీసుకుంటాడు. చిన్న వాటాదారు వరస చివర్లో ఉంటాడు. పైగా అది ఎనిమిదితో ఆగదు. ఎడిటింగ్ దగ్గర ఆగినప్పుడు ఇంకో రెండు అడుగుతారు, పెట్టిందంతా పోతుందన్న భయంతో మీరే తెచ్చి ఇస్తారు. మళ్ళీ రెండు రూపాయల వడ్డీకే.

ప్రధాన పాత్ర అనేసరికి మనసు లాగుతుందని నాకు తెలుసు. పదిహేనేళ్ళు రంగస్థలం మీద ముందు నిలబడిన మనిషి, ఇక్కడ రెండు డైలాగుల ఎస్సైగా సర్దుకున్నారు. ఆ ఆకలి నిజమైనది. ఆ పాత్ర వేయండి, డబ్బు పెట్టకుండా వేయండి. ‘పారితోషికం తగ్గించుకుంటాను, అడ్వాన్సు ఇంత, మిగిలింది డబ్బింగ్‌కు ముందు’ అని కాగితం మీద రాసుకోండి. మీ నటన కోసం పిలిచి ఉంటే ఆయన ఒప్పుకుంటాడు.

ఈ మాట వినగానే ఎవరో ఒకరు ‘మరి శోభన్‌బాబు గారిలా స్థలం కొనెయ్’ అంటారు. ఆయన భూమి మీద పెట్టింది నిజమే, 1996 తర్వాత నటించకుండా హాయిగా బతికిందీ నిజమే. అయితే ఆయన కొన్నది ఇల్లు గడవడానికి అక్కర్లేని డబ్బుతో. మీరు ఊరవతల కొన్న ప్లాటు మీకు అవసరమైన నెలలో అమ్ముడుపోదు.

బీమా ఆలస్యం చేయకండి. నలుగురికీ కలిపి పది లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. షుగర్ ఉందని దాచకండి. దాచితే అసలు అవసరమైన రోజున క్లెయిమ్ పోతుంది. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం మూడేళ్ళు మించకూడదన్న నిబంధన ఉంది. మీ 46వ ఏటికి అది అయిపోతుంది, 50లో మొదలుపెడితే 53. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీ కూడా లేదు. ఆర్టిస్టుల సంఘంలో సభ్యత్వం ఉండి, దాని ద్వారా బీమా వస్తుంటే సంతోషం, అది అదనం అనుకోండి. అరవై ఏళ్ళ వయసు దాకా 75 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా కావాలి. మీ అమ్మగారికి 70 నిండగానే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి, దానికి ఆదాయ పరిమితి లేదు.

పైన చెప్పిన రెండు లక్షల్లో మొదటి ఏడాది ప్రీమియాలు పోను మిగిలింది, రిఫండ్ వస్తే అదీ, మీ ముసలితనానికి. సగం పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), సగం ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్). పీపీఎఫ్‌లో ఏడాదికి కనీసం 500 వేస్తే ఖాతా బతికే ఉంటుంది, గరిష్ఠం లక్షన్నర. డబ్బున్న ఏడాది ఎక్కువ, లేని ఏడాది ఐదువందలు. మీ వృత్తికి సరిగ్గా సరిపోతుంది. పదిహేనేళ్ళ గడువు మీ 58, 59 ఏళ్ళకు తీరుతుంది. అప్పులవాళ్ళు కోర్టుకెళ్ళినా ఆ ఖాతాను జప్తు చేయించలేరు. ఫండ్‌లో నెలకు మూడు వేలతో మొదలుపెట్టి, గాదెలో ఏడాది జీతానికి మించి చేరినప్పుడల్లా ఆ పైది అక్కడికి పంపండి.

నాటకాలు మానొద్దు. ఇది డబ్బు లెక్కల మనిషిగానే చెబుతున్నాను. మిమ్మల్ని తయారుచేసింది అవి. మైకు లేని చోట చివరి వరస దాకా వినిపించిన గొంతు ఆ పరిషత్తులు ఇచ్చిందే. 1885లో వనారస గోవిందరావు గారితో మొదలైన సురభి సమాజాల్లో కుటుంబాలకు కుటుంబాలు కలిసి ఆడి కలిసి బతికాయి. ఒకరికి బాగోకపోతే పక్కవాళ్ళు ఉండేవారు. సినిమావాళ్ళు ఉండే హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో ఆ ఆసరా లేదు కాబట్టే ఈ గాదె, ఈ బీమా అని ఇంతగా పోరుతున్నాను. ఏడాదికి పాతిక వేలు, పన్నెండు రోజులు అని నాటకానికి ముందే రాసి పెట్టుకోండి. ఆ పాతిక వేలకు గాదె నుంచి వేరే పద్దు రాయండి. ఎంతో ముందే తెలిస్తే ఇంట్లో గొడవ చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే మీ ఆవిడ భయం నాటకం గురించి కాదు, ఎంత పోతుందో తెలియకపోవడం గురించి.

గాదె ఖాతా ఇద్దరి పేరా తెరవండి. ఈ ఆదివారం షూటింగ్ లేకపోతే మీ పాన్‌తో పోర్టల్లోకి వెళ్ళి, మూడేళ్ళ 26ఏఎస్ తీసి, ఏ ఏడాది ఎంత కోశారో నాకు రాయండి. ఆరోగ్య బీమాకు మాత్రం ఆ అంకె కోసం ఆగకండి, సోమవారమే దరఖాస్తు చేయండి.