పార్టీకి బుద్ధి చెప్పాలన్నావట

అమ్మలూ,

ఈసారి మన పార్టీకి వేయనన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు ఆ జెండా మోసినదాన్ని కదా! కాసేపయ్యాక, పిల్ల సొంతంగా లెక్క వేసుకుంటోందే అని లోపల మురిసిపోయాను కూడా.

జాబితాలో పేరుందో లేదో ముందే చూసుకో.

మనవాడు ఎలాగూ గెలవడు, రెండోవాడికి వేస్తే మూడోవాడిని ఆపొచ్చు అన్నావట. అందులో తప్పు లేదు. 'పార్టీకి బుద్ధి రావాలి' అని కూడా అన్నావట చూడు, ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఒకసారి మా పార్టీ టికెట్ ముందు రోజు చేరిన మనిషికి ఇచ్చింది. రాత్రుళ్లు గోడలకు పోస్టర్లు అంటించినవాళ్లం మేము. నాకు తిక్క రేగింది. గెలిచే ఆశ లేని ఒక ఇండిపెండెంట్‌కి గుద్దేశాను. నేనొక్కదాన్నే అయితే సరే, తెలిసిన ప్రతి ఇంటికీ వెళ్లి వేయమని చెప్పాను. ఓట్లు చీలాయి. ఎవరు రాకూడదని ఇన్నేళ్లు తిరిగామో ఆయనే రెండు వందల చిల్లర ఓట్లతో గెలిచాడు. తర్వాత సమీక్ష పెట్టారు. నేనూ వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. ప్రచారం చాల్లేదన్నారు, డబ్బు ఆలస్యంగా అందిందన్నారు. టికెట్ ఊసే ఎత్తలేదు. నా కోపం వాళ్లకు చేరనేలేదే! బ్యాలెట్ మీద ముద్ర వేయడానికే చోటుంది, ఎందుకు వేశామో రాయడానికి లేదు.

2002లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల వార్త చదివినప్పుడు ఆ సమీక్షే గుర్తొచ్చింది. మొదటి రౌండ్‌లో 16 మంది నిలబడ్డారు. వామపక్షం ఓట్లు చీలి, ప్రధానిగా ఉన్న జోస్పాన్ 2 లక్షల లోపు ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయాడు. మొదటి ఇద్దరే రెండో రౌండ్‌కి వెళ్తారు. అక్కడ తీవ్ర మితవాది ల పెన్‌ను ఆపడానికి అదే వామపక్షం వాళ్లు చాలామంది తమకు గిట్టని మితవాద నాయకుడు షిరాక్‌కి వేయాల్సి వచ్చింది. ఆయనకు 82 శాతం వచ్చాయి. వేసినవాళ్లంతా ఇష్టపడి వేశారా?

ఆస్ట్రేలియాలో లాగా 1, 2, 3 అని వరుస రాసే పద్ధతైతే, మనవాడు పోటీలోంచి పోయినా నీ ఓటు రెండోవాడికి వెళ్లేది, నీకీ బాధే ఉండేది కాదు. ఒక్కరికే వేయాలంటే లెక్క తప్పదు. అయితే మనవాడు గెలవడని నీకు చెప్పిందెవరు? ఆ మాట ఎదుటి పార్టీవాళ్లే ఎక్కువగా పుట్టిస్తారు. కిందటిసారి నీ నియోజకవర్గంలో ఎవరికెన్ని వచ్చాయో నువ్వే తీసి చూడు. ఆ రెండోవాడికీ మూడోవాడికీ మధ్య తేడా చాలా ఉంటే మనవాడికే వేయి. ఓడినా, ఆ నాలుగు ఓట్లు చూపించే చిన్న పార్టీ వచ్చేసారి మళ్లీ నిలబడుతుంది. నువ్వు వేసినా వేయకపోయినా మూడోవాడు గెలిచేటట్టుంటే, మనసు చంపుకోవడం దేనికి? పోటీ దగ్గరగా ఉంటే మాత్రం రెండోవాడికి వేసెయ్, ద్రోహమని కుమిలిపోకు. పార్టీ మీద కోపాన్ని పార్టీ ఆఫీసుకు వెళ్లి నోటితో చెప్పు. నేను చేయనిది అదే.

ఆ రోజు నేను చెప్పిన ఇళ్లలో మీ అమ్మ ఇల్లూ ఉంది. అక్క చెప్పిందని మారు మాట్లాడకుండా వేసొచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నువ్వూ ఆమెను అడగకు.

మీ పెద్దమ్మ